ట్రంప్ విషయంలో మేధావులకూ సామాన్య ఓటర్లకూ ఇంత దూరం ఎందుకు?

అమెరికా రాజకీయాలను దగ్గరగా గమనించేవారు ఎవరైనా నా సందేహం తీర్చగలరా? 2016లో డొనాల్డ్ ట్రంప్ గెలిచినప్పుడు, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు హిల్లరీ క్లింటన్‌కే వచ్చాయి కాబట్టి, అది దేశం మొత్తం ఓట్లను బట్టి కాక, రాష్ట్రాలవారీగా దక్కే ప్రతినిధుల ఓట్లను బట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ కాలేజీ పద్ధతి తెచ్చిన చిక్కేనని చాలామంది మేధావులు సరిపెట్టుకున్నారు. 2024లో ఆయన 312 ఎలక్టోరల్ ఓట్లతో పాటు ప్రజల ఓట్లలోనూ ముందు నిలిచారు కనుక ఆ సమాధానం ఇక చెల్లదు.

జాతి విద్వేషమే కారణమన్న వాదనను నేను పూర్తిగా తోసిపుచ్చను. అయితే పెన్సిల్వేనియాలోని ఈరీ కౌంటీ 2012లో ఒబామాకు, 2016లో ట్రంప్‌కు, 2020లో బైడెన్‌కు, 2024లో మళ్ళీ ట్రంప్‌కు మొగ్గింది. ఒకప్పుడు రైలింజన్ల కర్మాగారంలో వేలమంది పనిచేసిన ఆ ప్రాంతపు ఓటరును ద్వేషి అనో, అమాయకుడనో ఒక్క మాటలో తేల్చేయడం నాకు మింగుడుపడడం లేదు.

మేధావులు ఆయన మాటతీరునూ, న్యాయస్థానాల పట్ల, పత్రికల పట్ల ఆయన వైఖరినీ తూకం వేస్తుంటే, ఓటరు ధరలనూ, వలసలనూ, పోయిన ఉద్యోగాలనూ చూస్తున్నాడా? ఈ తేడా చదువు వల్ల వచ్చిందా, ఆదాయం వల్లనా, లేక ఈ రెండు వర్గాలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సందర్భమే లేకపోవడం వల్లనా? అక్కడ నివసించినవారు తాము చూసినదాన్ని బట్టి చెప్పగలిగితే మరీ మంచిది. ఏదో ఒక పక్షాన్ని తిట్టిపోసే సమాధానాలు నాకు ఇప్పటికే కావలసినన్ని దొరికాయి.