‘మీరు’ నుంచి ‘నువ్వు’కి మారే ఆ ఒక్క మాటను సమీక్షలో ఎలా రాయాలి?

బెంగళూరులో తెలుగువాళ్లకు వేసే ప్రదర్శనకు ముందు పంచాల్సిన 400 మాటల సమీక్ష ఇది. సినిమా 2019 నాటి ఫ్రెంచి ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్’. (చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపు ఉంది.) చిత్రకారిణి మారియాన్, ఎలోయీజ్ ప్రేమలో పడ్డాక కూడా ఒకరినొకరు ‘వూ’ అనే అనుకుంటారు, అంటే ‘మీరు’. విడిపోయే క్షణంలో మాత్రం ఎలోయీజ్ ‘రెతూర్న్ త్వా’ అంటుంది: ఇటు తిరుగు. ‘తిరగండి’ కాదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఆ చనువు వినబడదు, నాకైతే సినిమా ప్రాణమంతా అక్కడే ఉంది.

మొదట ఆ మాటే ఎత్తి రాశాను, ముగింపు బయటపడిపోయింది. సంభాషణలన్నీ ‘మీరు’తో ఇస్తే, చదివిన ఇద్దరూ వీళ్లు ప్రేమికుల్లా లేరు, కొత్త చుట్టాల్లా ఉన్నారన్నారు. ‘నువ్వు’ పెడితే అసలు మార్పే మాయం.

ఆ సన్నివేశం చెప్పకుండానే, ఈ పిలుపులో తేడాను చెవి పెట్టి వినమని ఒకటి రెండు వాక్యాల్లో ఎలా రాయాలి?