బురదలో తిరిగొచ్చిన కుక్కకి రోజూ స్నానమా, ఆరాక దువ్వడమా?

కీన్స్_కోడలు
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. మా కాకపూ (కాకర్ స్పానియెల్, పూడుల్ కలిసిన జాతి కుక్క) పేరు బూంది, రెండేళ్ళది. నవంబరు వచ్చిందంటే ఇక్కడ పొలాల వెంట కాలిబాటలన్నీ దమ్ము చేసిన మళ్ళే. నేల చాలావరకు ఆక్స్‌ఫర్డ్ క్లే. పక్కనే బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఇటుకలు కాల్చింది ఈ మట్టితోనే, స్టీవార్ట్‌బీ బట్టీ 2008 దాకా నడిచింది. ఎంత బంకమట్టో మీరే ఊహించుకోండి. మా గుంటూరు వైపు నల్లరేగడి గుర్తొస్తుంది.

పొద్దున ఏడున్నరకి మసక చీకట్లో తీసుకెళ్తాను. వచ్చాక రోజూ షాంపూతో స్నానం. మా ఆయనేమో "దాని తోలు అరగదీస్తున్నావు, ఆరాక దులిపితే పోయేదానికి" అంటారు. ఇప్పుడది పొట్ట తెగ గోక్కుంటోంది. బురదలో తిరిగొచ్చాక రోజూ కడగాలా, వద్దా? కార్పెట్ సంగతి వదిలేయండి, కుక్కకి ఏది మంచిదో చెప్పండి.

లాబ్_నాయన
మీ వారి మాటే నా మాటమ్మా. మా లాబ్రడార్‌కి తొమ్మిదేళ్ళు, ఏనాడూ రోజూ స్నానం చేయించలేదు. వీటికి రెండు పొరల బొచ్చు. పైన గరుగ్గా, లోపల ఉన్నిలా ఉంటుంది. చర్మంలోంచి ఊరే నూనె నీళ్ళని లోపలికి పోనివ్వదు. వీటి పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట ఆ చన్నీళ్ళలో దిగి పనిచేసినవే. షాంపూ పెట్టిన ప్రతిసారీ ఆ నూనె కడుక్కుపోతుంది. గోక్కోక ఏం చేస్తుంది?

మా ఇంట్లో వెనక తలుపు దగ్గర పాత దుప్పటి పరిచి ఉంటుంది. తువ్వాలుతో తడి అద్ది, గంటసేపు దాని మానాన వదిలేస్తాం. ఎండిన మట్టి రబ్బరు బ్రష్‌తో పొడిలా రాలిపోతుంది, చీపురుతో ఎత్తేస్తాను. అంతే.

క్రాయిడన్_చిన్ని
బాబాయ్ గారూ, లాబ్రడార్ లెక్క కాకపూకి కుదరదండీ. పూడుల్ రక్తం ఉన్న వాటికి ఊడిన వెంట్రుక కింద రాలదు, పక్క వెంట్రుకల్లోనే చిక్కుకుంటుంది. దాని మీద బురద ఎండితే జడలు కట్టడమే. పోయిన జనవరిలో మావాడికి చంకల్లో, చెవుల వెనక, పట్టీ రాసుకునే చోట అన్నీ ముద్దలైపోయాయి. దువ్వితే కుయ్యోమని ఏడుపు. చివరికి గ్రూమర్ మెషిన్ పెట్టి ఒళ్ళంతా గొరిగేసింది. నడి చలికాలంలో బోడి ఒంటితో వాడు వణుకుతుంటే నాకు అన్నం సయించలేదు. ఆరాక దులుపుదామనుకున్న తప్పు నాదే.

అక్కా, మీరు కడగడం మానకండి. షాంపూ మాత్రం మానేయండి. తువ్వాలుతో రుద్దకండి కూడా, రుద్దితేనే చిక్కు పడేది. నొక్కి పట్టుకుని వదలాలి.

సౌతాంప్టన్_సీమబిడ్డ
ఇంతమంది మాట్లాడారు గానీ అలబామా రాట్ మాట ఎవరూ ఎత్తలేదే! మాకు న్యూ ఫారెస్ట్ దగ్గర. ఈ దేశంలో ఆ జబ్బు బయటపడింది 2012లో, మొదటి కేసుల్లో ఈ అడవి వైపువీ ఉన్నాయి. కాళ్ళ మీద చిన్న పుండులా మొదలై, రోజుల్లోనే కిడ్నీల మీదికి వస్తుంది. ఎక్కువగా నవంబరు నుంచి మే లోపలే, అడవి బురదలో తిరిగిన కుక్కలకి. ఆరనిచ్చి దులుపుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళు ఇది కూడా చెప్పాలి కదండీ.

లాబ్_నాయన
భయపెట్టడం తప్ప, కడిగితే ఆ జబ్బు రాదని రుజువుందా?

గన్నవరం_పశువైద్యుడు
గన్నవరంలో చదివాను, ఇప్పుడు లెస్టర్‌షైర్‌లో ప్రాక్టీసు. రుజువు లేదు, బాబాయ్ గారూ. దానికి కారణమే ఇంకా తేలలేదు. అమెరికాలో 1980లలో అలబామా గ్రేహౌండ్లలో కనిపించింది కాబట్టి ఆ పేరొచ్చింది. పదేళ్ళు పైబడినా ఈ దేశం మొత్తంలో నిర్ధారణ అయినవి కొన్ని వందల కేసులే, కాబట్టి నడక మానుకునేంత భయం అక్కర్లేదు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాక బతికేవి తక్కువ. అందుకే రుజువు లేకపోయినా అడవి బురద కడిగేయమని మేమంతా చెబుతాం. మోకాలికి, మోచేతికి కింద, పొట్ట మీద, మూతి దగ్గర, గీరుకున్న గుర్తేమీ లేకుండా పుండు కనబడితే ఆ రోజే డాక్టరుకి చూపించండి. కడిగే అలవాటుంటే ఆ పుండు కంటబడుతుంది. నా మటుకు నాకు కడగడంలో పెద్ద లాభం అదే.

అమ్మా, మీ ఇంట్లో గొడవంతా కడగడాన్నీ స్నానాన్నీ ఒకటిగా చూడడంతో వచ్చింది. కాళ్ళు, పొట్ట గోరువెచ్చని ఉత్త నీళ్ళతో రోజూ కడగండి. షాంపూ స్నానం నెలకో, ఆరు వారాలకో చాలు, అదీ కుక్కల షాంపూతోనే. మన చర్మానికి ఆమ్ల గుణం ఎక్కువ, వాటిది దాదాపు తటస్థం. మన షాంపూ వాటికి పడదు.

అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. ఈ చలికాలంలో నా దగ్గరికి వచ్చే కుక్కల్లో బురద వల్ల వచ్చేవాటి కంటే చెమ్మ వల్ల వచ్చేవే ఎక్కువ. వేళ్ళ సందుల్లో తడి నిలిస్తే ఎర్రబడి, ఈస్ట్ పెరిగి, పులిసిన వాసనొస్తుంది. అది నాకుతూ కూర్చుంటుంది, నాకితే మళ్ళీ తడి. మీ కాకపూలాంటి వాటికి చెవులు వేలాడతాయి, లోపల వెంట్రుకలుంటాయి, అక్కడా ఇదే కథ. ఒక్కో వేలి సందూ విడదీసి పొడిగుడ్డతో అద్దాలి. తువ్వాలు గుడ్డతో కుట్టిన కోటు తొడిగి అరగంట ఉంచితే ఒంటి తడి అదే పీల్చుకుంటుంది. డ్రయ్యర్ వాడితే తక్కువ వేడి మీద, చెయ్యి అడ్డం పెట్టి చూసుకుంటూ. ఏటా లెప్టోస్పైరోసిస్ టీకా మాత్రం తప్పించకండి. ఎలుకల మూత్రం కలిసిన గుంటల నీళ్ళతో వస్తుంది, మనకీ అంటుకోవచ్చు.

ఆ పొట్ట గోకుడు వారం దాటితే చూపించండి.

రీడింగ్_వరంగల్
మీరంత కడుగుడు గురించే మాట్లాడుతున్నరు. అసలు బురద అంటకుండ చూస్కోవచ్చు కద. నేను డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాక సిమెంటు బాట మీదనే తిప్పుత. పొట్ట కింద కూడ కప్పే వాటర్‌ప్రూఫ్ కోటు తొడుగుత. ఇంటికొచ్చినంక పాదాలు తుడుస్తె అయిపాయె.

క్రాయిడన్_చిన్ని
అన్నా, మంచు పడే రోజుల్లో ఆ బాటల మీదే ఉప్పు చల్లుతారు. అది పాదాల్లో మంట, నాకితే కడుపులోకి. మీరూ తుడిస్తే చాలదు, కడగాల్సిందే. ఆ కోటు కూడా లోపల తడిస్తే చంకల్లో ఒరుసుకుని మళ్ళీ జడలే. ఇంటికి రాగానే విప్పేయాలి. అయినా మూడు నెలలు గడ్డి వాసన చూడనివ్వకుండా ఎలా ఉంచుతారు? మావాడు ఒక్క పొద దగ్గర పది నిమిషాలు నిలబడతాడు. వాడికి రోజంతా ఉన్న సంబరం అదొక్కటే.

రీడింగ్_వరంగల్
ఉప్పు ముచ్చట నిజమే, నాకు తట్టలే. కని మాది పదమూడేండ్ల ముసల్ది, బురదల కాలు జారితే లేవదు. దానికి సిమెంటు బాటే నయం.

లాబ్_నాయన
డాక్టరు గారూ, అడవి వైపు వెళ్ళిన రోజు కడుగుతాను, ఒప్పుకున్నాను. పార్కులో తిరిగిన రోజు మాత్రం ఆరనిచ్చి దువ్వడమే. దాని లోపలి బొచ్చు ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, మా ఇంట్లో నేను అనుభవంతో చూసిందే చెబుతున్నాను.

కీన్స్_కోడలు
పదకొండు రోజులైంది. షాంపూ మానేశాను. వెనక తలుపు బయట బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు, ఒక్కో కాలూ ముంచి కడగడం, తర్వాత ఆ తువ్వాలు కోటు. గోకుడు బాగా తగ్గింది. వేళ్ళ సందులు ఆరబెట్టే పని మా ఆయనది, టీ తాగుతూ బూందిని ఒళ్ళో పెట్టుకుని చేస్తున్నారు. కుడి వెనక కాలి సందులో కొంచెం ఎరుపు ఇంకా ఉంది డాక్టరు గారూ, శనివారం చూపిస్తున్నాం. చిన్నీ, కాలి వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించమంటావా, గ్రూమర్‌కే వదిలేయమంటావా?