టాంగోలో క్రాస్ స్టెప్: మా ఆవిడ లెక్కపెట్టి వేసేస్తోంది, లీడ్ చేసేదెలా?

సుబేదారి_సాయంత్రం:
నమస్తే అందరికీ. మాది హన్మకొండ. నేను, మా ఆవిడ అర్జెంటీనా టాంగో నేర్చుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌తో మొదలైంది. ఇప్పుడు కుదిరినప్పుడల్లా కాజీపేటలో ట్రైన్ ఎక్కి పోయి రావడం, మిగతా రోజులు ఇంట్లో వీడియోలు పెట్టుకుని ప్రాక్టీస్.

సమస్య క్రాస్ దగ్గర. మొదట్లో నేర్పే ఎనిమిది అడుగుల వరస, అదే బేసిక్‌లో, నేను లీడర్‌ని, అంటే ఎటు కదలాలో ఒంటితో చెప్పేవాణ్ణి (అదే లీడ్), మా ఆవిడ దాన్ని అందుకుని కదిలే ఫాలోవర్. ఐదో అడుగుకి ఫాలోవర్ ఎడమ కాలు కుడి కాలి ముందుకి వచ్చి దాటుతుంది కదా, మా ఇంట్లో అది బ్రహ్మాండంగా పడుతుంది, ఎందుకంటే తను లోపల లెక్కపెట్టుకుంటోంది. నేను నాలుగు దగ్గర ఆగి నిలబడ్డా తనకి ఐదు పడిపోతుంది. పోయినసారి ప్రాక్టీస్‌లో వేరే ఆవిడతో చేస్తే ఆమె అసలు క్రాస్ వెయ్యలేదు, వెనక్కి నడుచుకుంటూ పోయింది. కుడి చేత్తో కాస్త ఆపబోయా, ఆమె మొహం చూస్తే నచ్చలేదని తెలిసిపోయింది.

ఒక సార్ ఏమో "నువ్వు పక్కకి వచ్చి నడిస్తే చాలు, క్రాస్ వాళ్లే వేసుకుంటారు" అన్నారు. ఇంకొకరు "లీడ్ లేనిదే క్రాస్ లేదు" అన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి? చేతులు వాడకుండా దీన్ని చెప్పేదెలా? ప్రాక్టీస్ అంతా మా హాల్లోనే, అమ్మ సీరియల్ చూస్తూ ఓ కన్ను మా మీదే వేసి ఉంచుతుంది, అదో టెన్షన్.

నడకే_ముఖ్యం:
అన్నా, పరేషాన్ కాకు, అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. ముందు చేతుల సంగతి పక్కన పెట్టు. క్రాస్ పడేది నీ ఛాతీ వల్ల, నువ్వు నిలబడ్డ చోటు వల్ల.

రెండో అడుగులో నువ్వు ఎడమకి వెళ్తావు, ఆమెకి అది కుడి పక్క. అక్కడ ఆమెకంటే కాస్త ఎక్కువ పక్కకి వెళ్లాలి, అప్పుడే మూడో అడుగుకి నీ కుడి కాలు ఆమె పాదాలకి బయట పడేంత చోటు దొరుకుతుంది. ఇక్కడ చాలామంది ఛాతీ కూడా సూటిగా ముందుకి పెట్టేసి, ఆమెని పక్కన వదిలేసి, ఎటో చూస్తూ నడుస్తారు. అలా చేస్తే ఆమెకి ఏ సమాచారమూ అందదు. కాళ్లు ముందుకే పోవాలి, ఛాతీ మాత్రం కొంచెం కుడికి తిరిగి ఆమె వైపే ఉండాలి. నువ్వు అలా తిరిగితే ఆమె ఒళ్లు కూడా నీ వైపు కొంచెం తిరుగుతుంది. ఆ మెలిక దాచిపెట్టుకో, పని దాంతోనే.

నాలుగో అడుగులో వెనకబడొద్దు. ఆమె కుడి కాలు వెనక్కి పడేసరికి నువ్వు ఆమె పక్కకి చేరిపోవాలి. నువ్వు చిన్న అడుగేస్తే నీ కుడి చెయ్యి ఆమె వీపుని పట్టి లాగుతుంది. ఆ రోజు ఆవిడకి నచ్చనిది అదే అయ్యుంటుంది. ఐదో అడుగుకి ముందుకి పోవడం ఆపి కాళ్లు దగ్గరికి తెచ్చుకో, అదే టైంలో ఛాతీని మెల్లగా మళ్లీ ఎడమకి, అంటే సూటిగా తీసుకురా. వెనక్కి పొమ్మని చెప్పేది ఏదీ మిగల్లేదు, ఒళ్లు నీ ఎదురుగా రావాలి, ఖాళీగా ఉన్నది ఎడమ కాలే, అది కుడి కాలి ముందుకి వచ్చి ఆగుతుంది. అంతే క్రాస్.

ఒక టెస్ట్ చెప్తా. పక్కకి వచ్చాక క్రాస్ లీడ్ చేయకుండా అలాగే నడువు, గది చివరిదాకా. ఛాతీ తిప్పింది తిప్పినట్టే ఉండాలి. ఆమె కూడా క్రాస్ వేయకుండా నడవగలిగితే అప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట క్రాస్ అడుగు. ఎక్కడ అడుగుతావో ఆమెకి ముందే తెలియకూడదు.

వెనక్కి_నడిచే_అక్క:
ఫాలోవర్ వైపు నుంచి చెప్తా తమ్ముడూ. మీ ఆవిడ మీద తప్పు వేయకు, ఎనిమిది అంకెలు నేర్పితే ఎవరైనా లెక్కే పెడతారు. ముందు బేసిక్‌ని పక్కన పెట్టండి, వట్టి నడక.

ఆమెకి చెప్పాల్సింది ఒకటే. కుడి కాలి మీద బరువు పూర్తిగా పడ్డాక, ఎడమ కాలు తొందరపడకుండా నేలని రాసుకుంటూ రావాలి, లీడ్ వచ్చిందాకా ఎటూ దిగొద్దు. క్రాస్ పడినప్పుడు రెండు పాదాల చిటికెన వేళ్ల వైపు అంచులు పక్కపక్కన ఉండాలి, మోకాళ్లు వదులుగా. తర్వాత బరువు మొత్తం ఎడమ కాలి మీదికి మారాలి. సగం సగం ఉంచితే ఆరో అడుగుకి ఏ కాలు తీయాలో తెలియక తడబడుతుంది. క్రాస్ అయ్యాక ఆగి కుడి మడమ లేపి చూడమను, తేలిగ్గా లేస్తే మారినట్టు.

ఇంకోటి, మీరు ఐదుకి కూడా ఛాతీతో ముందుకి నెడుతూ ఉండి, చేత్తో ఆపితే, మాకు సడెన్ బ్రేక్ వేసిన ఆర్టీసీ బస్సులో నిలబడ్డట్టే ఉంటుంది. నాలుగులోనే వేగం తగ్గడం తెలియాలి.

పాత_రికార్డులు:
పైన ఇద్దరూ చెప్పింది మంచిదే, కానీ ఆ మొదటి సార్ మాట కూడా కొట్టిపారేయకండి. లీడర్ ఫాలోవర్‌కి కుడి పక్కన బయటికి వచ్చి నడిస్తే ఆమె అలవాటుగా క్రాస్ వేయడం పాత పద్ధతుల్లో మామూలే, అలా నేర్పేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. క్లోజ్ ఎంబ్రేస్‌లో, అంటే ఛాతీలు ఆనించి దగ్గరగా పట్టుకుని చేసేటప్పుడు, జనం కిక్కిరిసిన ఫ్లోర్ మీద అది హాయిగా పనిచేస్తుంది కూడా. లొల్లి ఎక్కడొస్తుందంటే వేరే స్కూల్లో నేర్చుకున్నవాళ్లతో చేసినప్పుడు, అందుకే లీడ్ చేయడం నేర్చుకుంటే నష్టం లేదు. కానీ "అలవాటుగా వేయడం తప్పు" అనే మాట నేను ఒప్పుకోను.

పాట సంగతి ఎవరూ చెప్పలేదు. డారియెంసో ఆర్కెస్ట్రా పాటలు పెట్టుకుని క్రాస్ నేర్చుకోవద్దు, ఆ తాళం తరుముతుంది. కార్లోస్ డి సార్లీ ఆర్కెస్ట్రా పాటలు పెట్టుకోండి, 1950లలో రికార్డ్ చేసినవి అయితే ఇంకా మేలు. బీట్ స్పష్టంగా ఉంటుంది, అడుగుకి అడుగుకి మధ్య టైం దొరుకుతుంది.

బేసిక్‌లో లీడర్ మొదటి అడుగు వెనక్కి ఉంటుంది కదా, అది ఇంట్లో వరకే. మిలోంగాలో, అంటే అందరూ కలిసి టాంగో చేసే సభలో, అందరూ గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరుగుతుంటారు, నువ్వు వెనక్కి వేస్తే వెనకున్న జంట కాలి మీదే. పక్క అడుగుతో మొదలుపెట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

కాజీపేట_జంక్షన్:
మీ హాల్లో ఏ ఫ్లోర్? నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేయొద్దు, జారి నడుము పట్టేస్తుంది. డాబా మీద గచ్చు అయితే పాదం తిరగదు, మోకాలికి దెబ్బ. పాత ఫార్మల్ షూస్ ఉంటే చెప్పులు కుట్టేతన్ని అడిగి తోలు సోల్ వేయించు.

సుబేదారి_సాయంత్రం:
అందరికీ థ్యాంక్స్. మాది పాత ఇల్లు, షాబాద్ బండలు, అరిగి నున్నగా ఉన్నాయి, మరీ జారవు. బండల మధ్య గీతలు ట్రాకుల్లా పనికొచ్చాయి. ఆమె ఒక వరసలో, నేను పక్క వరసలో. మూడో అడుగుకి నా కాలు ప్రతిసారీ గీత మీదే పడుతోంది, అంటే పక్కకి చాలినంత రావట్లేదన్నమాట.

ఆ టెస్ట్ చేశాం. మొదట క్రాస్ ఆగలేదు. తర్వాత కళ్లు మూసుకోమన్నా. ఈసారి నడుస్తూనే పోయింది, నేను మధ్యలో అడిగినా వేయలేదు, వెళ్లి అల్మారాకి తగిలింది. అమ్మ ఒకటే నవ్వు. ఇప్పుడు లీడ్ తక్కువైనట్టా?

నడకే_ముఖ్యం:
లెక్కపెట్టడం మానేసింది, సగం పని అయిపోయింది. నువ్వు ఐదుకి ఛాతీ తిప్పావు గానీ కాళ్లు ఇంకా ముందుకే పోతున్నట్టున్నాయి. ఒకసారి ఫోన్ నేల మీద పెట్టి పాదాలు మాత్రం వీడియో తీయి, నీ కుడి కాలు ఎడమ కాలి పక్కన ఆగుతోందో దాటిపోతోందో చూడు. కళ్లు మూసుకుని చేసేటప్పుడు అల్మారా వైపు కాకుండా తలుపు వైపు నడవండి.