ఒకే ఫ్లాట్‌ను ముగ్గురు నలుగురు బ్రోకర్లకు అమ్మకానికి ఇవ్వొచ్చా? కమీషన్ ఎవరికి?

నిజాంపేట ఫ్లాట్
హైదరాబాద్ నిజాంపేటలో 1,240 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, యూడీఎస్ (స్థలంలో నా వాటా) 45 గజాలు, కట్టి 11 ఏళ్లు. లోన్ లేదు, ఒరిజినల్స్ నా దగ్గరే ఉన్నాయి. నేనుండేది పుణెలో. ఒక బ్రోకర్ 90 రోజులు తనకొక్కడికే ఇవ్వాలని, కాగితం మీద సంతకం పెట్టమని అడుగుతున్నాడు. ఇంకో ఇద్దరు కాగితాలేం వద్దు, ఫోటోలు పంపండి చాలంటున్నారు. అందరికీ ఇస్తే తొందరగా పోతుందా? ఒకే పార్టీని (కొనేవాళ్లను) ఇద్దరు తెస్తే ఇద్దరికీ కమీషన్ ఇవ్వాలా?

గడప దాకా
ఇవ్వొచ్చండి, చట్టం అడ్డు చెప్పదు. కానీ ముగ్గురికి మించొద్దు. మీరు ముగ్గురికి పంపిన ఫోటోలే రెండు రోజుల్లో ముప్పై వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆపైన మీ ఫ్లాట్ ఎంతమంది చేతుల్లో ఉందో మీకే తెలియదు.

అసలు నష్టం రేటు దగ్గర వస్తుంది. మీరు 72 లక్షలన్నారనుకోండి. ఒకరు బేరానికి చోటుండాలని 75 అని పెడతారు. మరొకరు ఫోన్ మోగాలని 69 అని పెడతారు. కొనేవాళ్లు పోర్టల్‌లో మూడు ప్రకటనలూ పక్కపక్కన చూసి, ఓనర్‌కు డబ్బు అవసరం పడిందనుకుంటారు. ఇక బేరం 69 నుంచి కిందికే మొదలవుతుంది. అందుకే అందరికీ ఒకే రోజు, ఒకే మెసేజ్ పంపండి:

"నిజాంపేట, 1,240 చ.అ., యూడీఎస్ 45 గజాలు, తూర్పు ఫేసింగ్, 3వ అంతస్తు. ధర 72 లక్షలు, ప్రకటనలో ఇదే అంకె పెట్టాలి. నా వైపు కమీషన్ మొత్తం 1 శాతం, రిజిస్ట్రేషన్ రోజున. ఎంతమంది కలిసి తెచ్చినా ఇచ్చేది అంతే. ఫ్లాట్ చూపించే ముందు పార్టీ పేరు, ఫోన్ నంబర్ చివరి 4 అంకెలు నాకు పంపాలి. ముందు ఎవరు పంపితే పార్టీ వాళ్లదే, 60 రోజుల వరకు. టోకెన్ అడ్వాన్సు నేరుగా నా ఖాతాకే. ఒప్పుకుంటే 'ఓకే' అని జవాబివ్వండి."

చివరి 4 అంకెలు చాలు. పూర్తి నంబరడిగితే పార్టీని మీరు నేరుగా పట్టుకుంటారేమోనని బ్రోకర్ ఇవ్వడు. ఆ నాలుగంకెలతో పేచీ తీరిపోతుంది: ఇద్దరు పంపిన అంకెలు కలిస్తే, మెసేజ్ టైమ్ చూసి ముందు పంపినవారికే.

"సార్, లాస్ట్ ఎంతకిస్తారు?" అని ముగ్గురూ అడుగుతారు. చెప్పొద్దు. "పార్టీ ఎదురుగా కూర్చున్నాక మాట్లాడదాం" అనండి. ఒక్కరికి 69 అని నోరు జారితే సాయంత్రానికల్లా మీ రేటు అదే అయిపోతుంది.

దస్తావేజు
కమీషన్ సంగతికి కొంచెం వివరం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఏజెంటుకు అప్పజెప్పిన పని పూర్తయ్యాకే డబ్బు రావాలి. చిక్కంతా 'పని' అంటే ఏమిటన్న దాంట్లోనే. పార్టీని తేవడమా, అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా? అగ్రిమెంట్ అయ్యాక కొనేవారి లోన్ రాక డీల్ ఆగితే, తన పని అయిపోయిందని బ్రోకర్ అంటాడు. అందుకే పైన రాసిన "రిజిస్ట్రేషన్ రోజున" అన్న మాట వదలొద్దు. మరీ పట్టుబడితే పావు వంతు అగ్రిమెంట్ నాడు, మిగతాది రిజిస్ట్రేషన్ నాడు అనుకోండి.

"మీకు నికరంగా 72 ఇస్తా, పైన ఎంతొచ్చినా నాది" అనే నెట్ రేటుకు మాత్రం ఒప్పుకోకండి. కొనేవారు 76 కడితే, బ్యాంకు లోన్ కోసం దస్తావేజులో 76 రాస్తారు, డబ్బూ మీ ఖాతాకే వస్తుంది. అమ్మకం ధర 76గానే లెక్క. అందులో 4 లక్షలు బ్రోకర్ చేతికిచ్చి రసీదు లేకపోతే, మీకు మిగలని సొమ్ముకు క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద) పన్ను మీరు కట్టాల్సి వస్తుంది.

కమీషన్ బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మకం ఖర్చు కింద దాన్ని లాభంలోంచి తీసేయొచ్చు. 72 లక్షల మీద 1 శాతం అంటే 72,000. బ్రోకర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం అదనం, కాబట్టి 1 శాతంలో జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి.

మియాపూర్ మెట్రో
ఒక్కడికే ఇవ్వడం తప్పేమీ కాదు, ముఖ్యంగా మీరు ఊళ్లో లేనప్పుడు. తాళం ఒకరి దగ్గరే ఉంటుంది, ప్రకటన ఒకటే ఉంటుంది. కానీ 90 రోజులు ఎక్కువ. 45 రోజులకు ఇవ్వండి. కాగితంలో ఇవి చూసుకోండి: మీరు సొంతంగా తెచ్చుకున్న పార్టీకి కమీషన్ లేదు. అమ్మడం మానుకున్నా కమీషన్ లేదు. గడువు అయ్యాక కూడా తన పార్టీ కొంటే కమీషన్ కావాలంటే, చివరి రోజున ఆ పార్టీల పేర్లు రాసివ్వాలి, ఆ జాబితాకు 60 రోజులే. ప్రతి ఆదివారం ఎవరు చూశారు, ఏమన్నారు, రాసి పంపాలి. రెండు వారాలు ఖాళీగా పోతే రద్దు చేసుకునే హక్కు మీకుండాలి.

సౌకర్యం కోసమంటూ జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారమిచ్చే పత్రం) కానీ, ఏజీపీఏ (అమ్మకపు ఒప్పందంతో కలిపిన జీపీఏ) కానీ అడిగితే ఆ మనిషితో మాటలు అక్కడితో ఆపేయండి. పార్టీని తేవడానికి అమ్మే అధికారం అక్కర్లేదు.

బ్రోకర్‌ను రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ అడగండి, తెలంగాణ రెరా వెబ్‌సైట్లో సరిచూడండి. చట్టం ప్రకారం ఏజెంటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేది రెరాలో నమోదైన ప్రాజెక్టులకు. 11 ఏళ్ల రీసేల్ ఫ్లాట్‌కు నంబర్ లేనంత మాత్రాన మోసగాడు కాదు. ఉంటే మాత్రం అడ్రసు, ఆధారం ఉన్న మనిషని అర్థం.

గడప దాకా
పై మాటతో ఏకీభవిస్తాను, నమ్మకమైన బ్రోకర్ ఒక్కడు దొరికితే. దొరక్కపోతే ముగ్గురే.

టోకెన్ గురించి గట్టిగా చెప్పాలి. ఎక్కువమంది బ్రోకర్లున్నప్పుడు వచ్చే పెద్ద ప్రమాదం ఒకే శనివారం ఇద్దరి దగ్గర టోకెన్ పడటం. బ్రోకర్ తన ఫోన్‌పేలో 50,000 వేయించుకుని "సార్, లాక్ చేశా" అంటాడు. అప్పటికే రెండో బ్రోకర్ పార్టీకి మీరు మాటిచ్చి ఉంటారు. కాబట్టి మీ ఖాతాలో పడనిది టోకెన్ కాదని పార్టీకి కూడా చెప్పండి. స్థిరాస్తి అడ్వాన్సు 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంత మొత్తమే జరిమానా పడొచ్చు. డబ్బు పడగానే ధర, గడువు, లోన్ రాకపోతే టోకెన్ వాపసు సంగతి రాసి రసీదివ్వండి. అదే గంటలో మిగతా బ్రోకర్లకు "హోల్డ్‌లో ఉంది, చూపించొద్దు" అని మెసేజ్ పెట్టండి.

కాగితాల జిరాక్సులు అందరికీ పంచొద్దు. మొదట దస్తావేజు నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు చాలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) ఆన్‌లైన్లో చూసుకుంటారు. పార్టీ ఖాయమనిపించాక కాపీ ఇస్తూ, ప్రతి పేజీ మీదా అడ్డంగా "పరిశీలనకు మాత్రమే", తేదీ, ఆ బ్రోకర్ పేరు రాయండి. కాపీ ఎక్కడ తేలినా ఎవరి చేతి నుంచి వెళ్లిందో తెలుస్తుంది.

నిజాంపేట ఫ్లాట్
అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికే ఒకరికి 72, ఇంకొకరికి 70 అని చెప్పేశాను. 70 ప్రకటన పోర్టల్‌లో నాలుగు రోజుల నుంచి ఉంది. ఇప్పుడేం చేయాలి?

గడప దాకా
ఆ 70 ప్రకటన ఈరోజే తీయించండి, రేటు మార్చడం కాదు, పూర్తిగా తీసేయాలి. మారిస్తే ఫోన్ చేసినవాళ్లు నిన్నటి స్క్రీన్‌షాట్ చూపిస్తారు. పది రోజులు ఆగి, కొత్త ఫోటోలతో 72కు ఒకే మెసేజ్ పంపండి. ఈలోపు 70 చూసి వచ్చిన పార్టీలెవరైనా ఉంటే వాళ్ల పేరు, నాలుగంకెలు ఆ బ్రోకర్ దగ్గర రాయించుకోండి. వాళ్లకు మాత్రం 70 మాట నిలబెట్టుకోవడమే మంచిది.