గట్టి డబ్బు ఉంటేనే మనిషికి స్వేచ్ఛా?

ఎర్రముద్ర:
నా దగ్గర ఒక పాత జర్మన్ నోటుంది. తేదీ 1922 డిసెంబరు 15, విలువ వెయ్యి మార్కులు. ఆ అచ్చు మీదే అడ్డంగా ఎర్ర సిరాతో ఇంకో ముద్ర: వంద కోట్ల మార్కులు! మరుసటి ఏడు ధరల పరుగును కొత్త నోట్లు అందుకోలేక, ఉన్న కాగితం మీదే గుద్దేశారు. 1923 నవంబరుకల్లా ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు.

ఇందులో నన్ను కలవరపెట్టేది నోటు కాదు, బాండు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి జనం దేశభక్తితో కొన్న ప్రభుత్వ బాండ్లు, అంటే సర్కారుకు ఇచ్చిన అప్పు పత్రాలు, దాదాపు 9,800 కోట్ల మార్కులు. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త మార్కు అన్నాక, ఆ అప్పంతా కలిపినా కొత్త మార్కులో పదో వంతు కూడా లేదు. తలుపు బద్దలు కొట్టినవాడు లేడు, జప్తు నోటీసు లేదు. (1925లో చట్టం చేసి కొంత వెనక్కి ఇచ్చారు. కొంతే.)

పొదుపంటే నేను ఇవాళ చేసి రేపటికి దాచుకున్న పని. నన్ను అడక్కుండా దాన్ని కరిగించే వీలు ఇంకొకరి చేతిలో ఉంటే, ఓటు ఉన్నా నేను సగం స్వతంత్రుణ్ణే. బంగారం లాంటి, ఎవరూ ఇష్టమొచ్చినట్టు పెంచలేని దానికి డబ్బును ముడిపెట్టాలని నా వాదన. గట్టి డబ్బంటే అదే. పదేళ్లు బడికెళ్లినా ఈ ముక్క ఒక్కరూ చెప్పరెందుకు?

అప్పులవాడు:
ఇల్లు తగలబడ్డ ఫొటో చూపించి పొయ్యే వద్దన్నట్టుంది.

మీరు చెప్పింది దాచుకున్నవాడి కథ. అప్పు చేసినవాడి కథ కూడా వినండి. అమెరికాలో డాలరు బంగారానికి కట్టుబడి ఉన్న కాలంలో, 1879 నుంచి 1896 దాకా, సరుకుల ధరలు మొత్తమ్మీద దిగుతూ పోయాయి. రైతు పంట రేటు పడుతుంది, పత్రం మీద అప్పు అంకె మాత్రం కదలదు. నిరుడు పది బస్తాలతో తీరే కిస్తీకి ఈసారి పన్నెండు కావాలి. విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1896లో ‘మనిషిని బంగారు శిలువ ఎక్కించకండి’ అంటూ అధ్యక్ష పదవికి నిలబడింది ఆ కడుపుమంట మీదే. 1930ల మాంద్యంలోనూ అంతే. బ్రిటన్ 1931 సెప్టెంబరులో బంగారాన్ని వదిలేసింది, ఫ్రాన్స్ 1936 దాకా పట్టుకు వేలాడింది. ముందు వదిలినవాళ్లే ముందు తేరుకున్నారు. పొలం వేలానికొచ్చినవాడికి మీ గట్టి డబ్బు ఏ స్వేచ్ఛ ఇచ్చింది?

చలిదేశం:
ఒక్క మాట. రష్యా 1897లో రూబుల్‌ని బంగారానికి కట్టింది. అప్పటికి పార్లమెంటు లేదు, పత్రికల మీద సెన్సారు ఉంది. జేబులో రూబుల్‌కి హామీ ఉంది, జేబు సొంతదారుకి లేదు.

ఎర్రముద్ర:
ఒప్పుకుంటున్నా. గట్టి డబ్బు ఉంటే చాలు అనలేదు, అది లేకపోతే కుదరదు అన్నాను. 1933 చూడండి: పౌరులు తమ బంగారం అప్పగించాలని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు, ఔన్సుకు 20.67 డాలర్లు. మరుసటి జనవరిలో అదే ఔన్సును 35 డాలర్లు చేశారు. మళ్లీ ఇంట్లో బంగారం ఉంచుకునే హక్కు వచ్చింది 1974 ఆఖరి రోజున.

అప్పులవాడు:
మీరే నా పని తేలిక చేశారు. బంగారు కడ్డీ కూడా సంతకానికి తలవంచిందన్నమాట! అర్జెంటీనా 1991లో పెసోకి ఒక డాలరని చట్టమే రాసుకుంది, ప్రభుత్వం ఇష్టానికి నోట్లు కొట్టకుండా. 2001 డిసెంబరులో బ్యాంకు నుంచి వారానికి 250 పెసోలే తీసుకోవాలన్నారు. తర్వాత డాలరు డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల చొప్పున మార్చేశారు, బయట డాలరు 3 పెసోలు దాటిన ఏడాదిలో.

కొత్తకాయిన్:
2.1 కోట్ల బిట్‌కాయిన్లు. అంతకు మించి పుట్టవు. చర్చ అయిపోయింది, ఇళ్లకు వెళ్లండి.

చలిదేశం:
లెక్క నిలకడే, విలువ కాదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరున్నది ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గర నిలిచింది. దాంతో జీతం తీసుకుని అద్దె కట్టి చూడండి.

లెక్కల మాస్టారు:
నేను ఆర్థికశాస్త్రం చెప్పేవాణ్ణి, బడి మాట వచ్చింది కాబట్టి దిగుతున్నా. మొదటి రోజు బల్ల మీద ఒక లెక్క పెడతాను: వంద డిపాజిట్ చేశారు, ఏడాదికి 5 శాతం వడ్డీ, ఆ ఏడాదే ధరలు 7 శాతం పెరిగాయి. లాభమా నష్టమా? చాలా చేతులు ‘అయిదు లాభం’ అని లేస్తాయి. 105ని 107తో భాగించి, వందతో గుణించి చూపిస్తే కాసేపు గదిలో చప్పుడుండదు. తర్వాత 72 సూత్రం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 72ని 6తో భాగించండి, 12. అంటే పన్నెండేళ్లకు డబ్బు కొనుగోలు శక్తి సుమారు సగం.

బంగారమా కాగితమా అన్నది ఆ తర్వాతి పాఠం. ఎర్రముద్ర గారూ, మీ భయం నిజమే, మందు మీదే నాకు పేచీ. అమెరికా కేంద్ర బ్యాంకు బంగారం లేకుండానే 1981లో వడ్డీని 20 శాతం దరిదాపుల్లోకి తీసుకెళ్లి ధరల్ని దించింది. దాని ఖర్చూ చెప్పాలి: 1982 చివర్లో నిరుద్యోగం 10.8 శాతం. అదెవరు మోయాలో తేల్చింది ఓటర్లు నేరుగా ఎన్నుకోని ఆ బ్యాంకు కమిటీ, అందులో ఓట్లు పన్నెండు. దీన్ని స్వేచ్ఛ అనమంటే నాకూ నోరు రాదు. కానీ ఎక్కడో బంగారు గని బయటపడిందా లేదా అన్నదాని మీద జనం జీతాలు ఆధారపడటం అంతకన్నా మేలని ఎలా అనను?

ఇంకొకటి. ‘ఆర్థిక విద్య’ పేరుతో వచ్చే పాఠాలు చాలావరకు ఒక పక్షం కరపత్రాలే. దాచుకున్నవాడి పేజీ పక్కనే అప్పులవాడి పేజీ లేని పుస్తకాన్ని నేను తరగతిలోకి రానివ్వను.

ఎర్రముద్ర:
మాస్టారూ, మీ వంద డిపాజిట్ లెక్క కడితే 98.13 వచ్చింది. ఇది వడ్డీ మీద పన్ను పోకముందా, పోయాకా?

లెక్కల మాస్టారు:
పోకముందు. మీ పన్ను శాతం వేసి మళ్లీ కట్టండి.