రెండు వేళ్ళ టైపింగ్ నుంచి బయటపడ్డవాళ్ళు ఎలా నేర్చుకున్నారో చెప్పండి

పల్లెవార్త:
అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న తెలుగు వెబ్‌సైట్‌కి వార్తలు రాస్తాను, రోజంతా టైపింగే పని. ఇప్పటిదాకా రెండు చూపుడువేళ్ళతోనే కీబోర్డు వంక చూస్తూ ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటున్నా. వార్త రాయడానికి పట్టే టైమ్ కంటే దాన్ని కొట్టడానికే ఎక్కువ పడుతోంది, తలెత్తి చూస్తే "కల" అనుకున్నది "కాల" అయి ఉంటది, మళ్ళీ వెనక్కెళ్ళి దిద్దాలి. మా తమ్ముడు కూడా కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీహెచ్ఎస్ఎల్‌కి ప్రిపేరవుతున్నాడు, వాడికి ఇంగ్లీషు టైపింగ్ కావాలి. ఇద్దరం ఒకేసారి మొదలుపెడదాం అనుకుంటున్నాం. ముప్ఫై దాటాక వేళ్ళు మాట వింటాయా? ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగుకి ఏ కీబోర్డు మంచిది, మీ అనుభవాలు చెప్పండి ప్లీజ్.

రెమింగ్టన్_శిష్యుడు:
వింటాయి తల్లీ, తప్పకుండా వింటాయి. నేను ఇంటర్ సెలవుల్లో తెనాలిలో ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషను మీద నేర్చుకున్నవాణ్ణి, తర్వాత ఆఫీసులో పెద్దవయసు వాళ్ళకి కూడా నేర్పించా. ఇన్‌స్టిట్యూట్‌లో మొదట నేర్పేది ఒక్కటే వరస, ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె, అదే పేజీలకి పేజీలు కొట్టిస్తారు, విసుగొచ్చినా సరే. ఎందుకంటే వేలు ఆ నడి వరసలోంచి పైకో కిందకో వెళ్ళి మళ్ళీ తన చోటికి తానే రావాలి. మీ కీబోర్డు మీద ఎఫ్, జె కీల మీద చిన్న గీతలాంటి బొడిపె ఉంటుంది చూడండి, రెండు చూపుడువేళ్ళు దాని మీద పెట్టి మిగతావి పక్కన వరసగా సర్దండి, చెయ్యి ఎత్తి మళ్ళీ పెట్టినా చూడక్కర్లేకుండా తడిమి కనుక్కోడానికే ఆ బొడిపె. రెండు బొటనవేళ్ళూ స్పేసుబారు మీద. చిటికెనవేలు మొదట్లో అస్సలు సహకరించదు, ఏ కొట్టబోతే ఎస్ కూడా పడుతుంది, పడనివ్వండి, దాని పని ఇంకో వేలికి మాత్రం అప్పగించొద్దు. మా సారు చేతుల మీద తువ్వాలు కప్పించేవారు. మీరూ అదే చెయ్యండి, కీబోర్డు చూడటం మానేస్తే సగం విద్య వచ్చేసినట్టే.

ఇంకోటి, స్పీడు గురించి మొదట్లో అస్సలు ఆలోచించొద్దు. తాళం తప్పకుండా టక్ టక్ టక్ అని ఒకే నడకలో కొట్టాలి. తేలిక అక్షరాలు గబగబా కొట్టేసి కష్టమైనదాని దగ్గర ఆగిపోయేవాళ్ళకి ఎన్నాళ్ళైనా స్పీడు రాదు, ఇది కళ్ళారా చూశాను.

సిరిసిల్ల_సీను:
అక్కా మీ తమ్మునికి చెప్పుండ్రి, సీహెచ్ఎస్ఎల్‌ల ఎల్డీసీ (గుమాస్తా) పోస్టుకి ఇంగ్లీషైతే నిమిషానికి 35 పదాలు, హిందీ అయితే 30. వాళ్ళు పదం అంటే ఐదు కీలు కొట్టుడు అని లెక్క, స్పేసు కూడా కలిపి, గట్ల గంటకి 10,500 కీలు అయితయ్. టెస్టు పది నిమిషాలే, అంటే 1,750 కీల పాసేజ్. డేటా ఎంట్రీ పోస్టు అయితే గంటకి 8,000 కీలు, కొన్ని డిపార్ట్‌మెంట్లకైతే 15,000 అడుగుతరు. గీ టెస్టు క్వాలిఫై అయితే చాలు, మార్కులు మెరిట్‌ల కలవయ్. కానీ ఇండ్ల పోతే మాత్రం రాతపరీక్షల ఎంత మంచి మార్కులొచ్చినా పోయినట్టే, మా రూమ్‌మేట్‌కి గదే అయింది, రాత్రంతా ఏడ్చిండు పాపం. అందుకే రిజల్ట్ వచ్చినంక నేర్చుకుందాం అని కూసోవద్దు, టియర్ వన్, అంటే మొదటి రాతపరీక్షకి చదువుతున్నప్పటి నుంచే పొద్దున ఇరవై నిమిషాలు కొట్టాలె.

కీబ్రర్ (keybr) అని టైపింగ్ నేర్పే సైట్ ఉంటది, ఫ్రీ. మొదట కొన్ని అక్షరాలే ఇస్తది, అవి చేతికొస్తేనే కొత్తది కలుపుతది, ఏ అక్షరం దగ్గర ఆగుతున్నమో మనకే చూపిస్తది. చెయ్యి కుదిరినంక మంకీటైప్ అనే సైట్‌ల స్పీడు టెస్టులు కొట్టుకోవాలె. ఆఖరికి మాత్రం పేపర్ ఎడిటోరియల్ ముందు పెట్టుకొని పది నిమిషాలు ఆపకుండా కొట్టాలె, ఎందుకంటే నిమిషం టెస్టుల 45 వచ్చినోనికి పది నిమిషాలల్ల చెయ్యి అలసి 35 కూడా రాదు.

మబ్బుల్లో_మాధవి:
ఒక విషయం ఎవరూ చెప్పట్లేదు. పద్ధతి మార్చిన మొదటి వారాల్లో ఇప్పుడున్న స్పీడు కంటే బాగా తగ్గిపోతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు, "నాకు పాతదే హాయి" అని. పల్లెవార్త గారూ మీకు డెడ్‌లైన్లు ఉంటాయి కాబట్టి ఆఫీసులో పాత పద్ధతిలోనే లాగించండి, ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోండి, రెండూ సమానం అయిన రోజు ఆఫీసులో మార్చేయండి.

రెమింగ్టన్_శిష్యుడు:
మాధవి గారూ, ఇక్కడ నేను ఒప్పుకోనండి. పగలంతా రెండు వేళ్ళతో కొట్టి రాత్రి ఇరవై నిమిషాలు పది వేళ్ళతో కొడితే గెలిచేది పగటి అలవాటే. వార్తలు అత్యవసరం కాబట్టి అవి వదిలేయండి, మెయిళ్ళు, చాటింగు, వెతుకులాట ఇవన్నీ మాత్రం మొదటి రోజు నుంచే పది వేళ్ళతో.

మబ్బుల్లో_మాధవి:
ఆ మధ్యే మార్గం బాగుంది, నాకు ఓకే.

వికీ_అత్తయ్య:
తెలుగు సంగతి నేను చెబుతా, ఇది నాకు ప్రాణం. మీ పని పూర్తిగా తెలుగే అయితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండమ్మా, అంటే తెలుగు అక్షరాలకే నేరుగా కీలు ఇచ్చిన కీబోర్డు అమరిక. విండోస్‌లో తెలుగు భాష కలిపితే దాంతోనే వస్తుంది, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు, విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది. స్థూలంగా గుణింతం గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి, అందుకే ఒక చెయ్యి కొడుతుంటే ఇంకో చెయ్యి సిద్ధమవుతుంది. కె నొక్కితే క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఎల్ త, షిఫ్ట్‌తో థ. ఒత్తులు ఇవ్వాలంటే డి కీ, అది పొల్లు. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ, మనం నోటితో వర్ణాలు విడదీసి చెప్పినట్టే.

"నగరం" తీసుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో న, గ, ర, సున్నా, నాలుగు కీలు. ఇంగ్లీషు అక్షరాలతో అయితే ఎన్ ఏ జి ఏ ఆర్ ఏ ఎమ్, ఏడు, ఆ చివరి ఎమ్‌కి షిఫ్ట్ కూడా. హల్లులో ఉన్న అకారాన్ని మళ్ళీ విడిగా కొట్టే పని లేదు కదా, రోజంతా రాసేవాళ్ళకి అది ఎంత ఆదా అవుతుందో ఆలోచించండి. "స్త్రీ" లాంటి వాటికి మాత్రం ఇక్కడ ఆరు కీలు, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదుతో అయిపోతుంది, అది నిజమే, కానీ అలాంటి మాటలు ఎన్ని వస్తాయి చెప్పండి. ఇంకో లాభం, హిందీకైనా కన్నడానికైనా క ఉండేది అదే కీ మీద. మొదట కొట్టాల్సింది ఊళ్ళ పేర్లు, ఇంట్లోవాళ్ళ పేర్లు, ఆ తర్వాత శతకపద్యాలు, మనకి నోటికి వచ్చినవి అయితే కళ్ళు కాగితం కోసం వెతకవు. నేను వేమన పద్యాలతోనే చెయ్యి తిప్పుకున్నా.

బెజవాడ_డీటీపీ:
మా ఫీల్డ్‌లో అందరిదీ అను స్క్రిప్ట్ అనే తెలుగు సాఫ్ట్‌వేర్, అందులో యాపిల్ అని పిలిచే కీబోర్డు అమరికే అండి, పెళ్ళికార్డులు, కరపత్రాలు, పుస్తకాలు అన్నీ దాంట్లోనే. నేను కళ్ళు మూసుకుని కొడతాను కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మాత్రం చెప్పను. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, వెబ్‌సైట్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, వెబ్‌సైట్‌లో పెట్టాలంటే కన్వర్టర్‌లో వెయ్యాలి, అక్కడ కొన్ని ఒత్తులు పోతాయి, మళ్ళీ ప్రూఫ్ చూడాలి. ప్రెస్సులో ఉద్యోగం కావాలంటే యాపిల్ నేర్చుకోండి, వెబ్ అయితే అత్తయ్యగారు చెప్పిందే కరెక్టు.

లేఖిని_అభిమాని:
అత్తయ్యగారికి నమస్కారాలు, కానీ ఫొనెటిక్‌ని, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిని, మరీ తీసిపారేయకండి. వీవెన్ గారు చేసిన లేఖిని అనే సైట్‌తో తెలుగులో రాయడం మొదలుపెట్టిన బ్లాగర్లు ఎంతమందో, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. దాంట్లో వాడే ఆర్‌టీఎస్ అనే స్పెల్లింగు పద్ధతిలో ఇంగ్లీషు చిన్న టి అంటే త, పెద్ద టి అంటే ట, ఇలా అన్నీ ఖచ్చితంగా ఉంటాయి, మనం కొట్టిందే వస్తుంది. పల్లెవార్త గారికి కల, కాల గొడవ వస్తోందంటే వాడేది ఊహించి ఇచ్చే రకం అన్నమాట, అది లిస్టు చూపిస్తుంది, మనం చూసి ఏరుకోవాలి, ఆ చూడటంలోనే టైమ్ అంతా పోతోంది. ఇంగ్లీషు టచ్ టైపింగ్ (కీలు చూడకుండా కొట్టడం) ఎలాగూ నేర్చుకుంటున్నారు కాబట్టి అదే చేతితో ఆర్‌టీఎస్ కొడితే రెండు కీబోర్డులు బుర్రలో పెట్టుకునే పని తప్పుతుంది. రోజుకి నాలుగు మాటలు రాసేవాళ్ళకి ఇది చాలు, రోజుకి పది వార్తలు రాసేవాళ్ళయితే ఇన్‌స్క్రిప్టే మంచిదని నేనూ ఒప్పుకుంటా.

అమీర్‌పేట్_అర్జున్:
ఇంత కష్టం దేనికి బ్రో, మైకు నొక్కి మాట్లాడితే ఫోనే రాసేస్తది కదా ఇప్పుడు?

వికీ_అత్తయ్య:
మెసేజ్‌లకి బాగానే ఉంటుంది నాయనా. వార్తలో మనిషి పేరు, ఊరి పేరు, పోలీస్ స్టేషన్ పేరు ఒక్కక్షరం తేడా వస్తే ఇంకొకరి మీద పడుతుంది. ఎలాగూ కూర్చుని దిద్దాల్సిందే, దిద్దడానికి చెయ్యి రావాలిగా.

పల్లెవార్త:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్స్. నాది ఊహించి ఇచ్చే రకమే, లేఖిని అన్న చెప్పాక అర్థమైంది టైమ్ ఎక్కడ పోతోందో. తమ్ముడు ఇవాళే కీబ్రర్ మొదలుపెట్టాడు. నేను ఇన్‌స్క్రిప్ట్‌కే వెళ్తా. రెండు డౌట్లు. కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకోవచ్చా? కాసేపు కొట్టేసరికి కుడి మణికట్టు లాగుతోంది, అది మామూలేనా?

రెమింగ్టన్_శిష్యుడు:
స్టిక్కర్లు వద్దమ్మా, అంటించారంటే కళ్ళు మళ్ళీ కిందకే పోతాయి. కీబోర్డు బొమ్మ ప్రింట్ తీసి స్క్రీన్ పక్కన, కళ్ళ ఎత్తులో అంటించండి. మణికట్టు లాగడం మామూలు అనుకుని ఓర్చుకోవద్దు. మణికట్టు బల్ల అంచుకి ఆనించి కొడుతున్నారేమో చూసుకోండి, అది గాల్లో, వంగకుండా తిన్నగా ఉండాలి, మోచెయ్యి ఇంచుమించు కీబోర్డు ఎత్తులో రావాలి. కీబోర్డు వెనక కాళ్ళు ఎత్తి ఉంటే మడిచేయండి. మన ఇళ్ళల్లో డైనింగ్ టేబుళ్ళు టైపింగ్‌కి ఎత్తెక్కువ, కుర్చీలో దిండు వేసుకుని కూర్చోండి, పాదాలు వేలాడితే కింద పీట పెట్టుకోండి. నొప్పి పుట్టగానే ఆపేయాలి. వారం చూసి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

వికీ_అత్తయ్య:
ఆ ప్రింట్‌లో షిఫ్ట్ అక్షరాలు కూడా ఉండేలా చూసుకోండి, ఖ, థ, భ, ణ అన్నీ అక్కడే ఉంటాయి.