లోకల్ సర్వర్‌లో ఉన్న 80 మందికీ మెయిల్ ఫిల్టర్ లైసెన్సు కొనాలా?

మిర్చియార్డ్_ఐటీ:
గుంటూరులో మిర్చి ఎగుమతి కంపెనీ మాది. 140 మెయిల్‌బాక్సుల్లో 60 మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి మార్చాం. మిగతా 80 ఆఫీసులోని ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌లోనే ఉన్నాయి. ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగు) క్లౌడ్ వైపు తిప్పాం కాబట్టి బయటి నుంచి వచ్చే మెయిలంతా అక్కడ ఫిల్టరయ్యే వస్తోంది. క్లౌడ్ వాళ్లకి ఆ ఫిల్టర్ ప్లాన్‌లోనే ఉంది. ఈ 80 మందికీ విడిగా కొనాలంటున్నాడు వెండర్. నిజమేనా?

బెంజిసర్కిల్_బాబాయ్:
కొనకండి. మాకు రెండేళ్లుగా అలాగే నడుస్తోంది. ఒక్క మెయిల్ ఆగలేదు.

కృష్ణలంక_అడ్మిన్:
నడుస్తుంది బాబాయ్ గారూ, ఎవరూ ఆపరు. కానీ లోకల్ బాక్సున్న ప్రతి యూజరుకీ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్రొటెక్షన్ (మీరడిగిన ఫిల్టరే ఇది) లైసెన్సు ఉండాలన్నది రూలు. మిర్చియార్డ్ గారూ, ముందు మీ పాత అగ్రిమెంటు తీయండి. ఎంటర్‌ప్రైజ్ కాల్ విత్ సర్వీసెస్ (కాల్ అంటే సర్వర్ వాడే యూజరు లైసెన్సు) కొని ఉంటే ఇది అందులోనే వస్తుంది, మళ్లీ కట్టక్కర్లేదు.

బెంజిసర్కిల్_బాబాయ్:
ఎవరూ ఆపనిదానికి డబ్బులెందుకు? పైగా మా లోకల్ బాక్సుల్లో స్పామంతా ఇన్‌బాక్సులోనే పడుతోంది. నిన్న అకౌంట్సు అమ్మాయి లాటరీ మెయిల్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చింది. పనిచేయని ఫిల్టర్‌కి లైసెన్సా?

కృష్ణలంక_అడ్మిన్:
ఆ మెయిల్ హెడర్ (మెయిల్ వెనక దాగి ఉండే వివరాలు) తెరిచి ఎక్స్-ఫోర్‌ఫ్రంట్-యాంటీస్పామ్-రిపోర్ట్ లైను చూడండి. అందులో ఎస్ఎఫ్‌వీ:ఎస్‌పీఎం అని ఉంటే ఫిల్టర్ దాన్ని పట్టుకున్నట్టే. ఆ ముద్ర మీ సర్వర్‌కి అర్థం కాదు. దాన్ని చూసి ఎస్‌సీఎల్ (స్పామ్ స్కోరు) 6 పెట్టే రూల్ మీ సర్వర్‌లో మీరే రాయాలి. అప్పుడే జంక్‌లోకి పోతుంది.

ఆటోనగర్_బుల్లెట్:
ఎక్స్ఛేంజ్ 2016కీ 2019కీ 2025 అక్టోబర్ 14తోనే సపోర్టు అయిపోయింది. ఆ 80 కూడా క్లౌడ్‌కి ఎక్కించేస్తే గొడవే ఉండదు కదా.

మిర్చియార్డ్_ఐటీ:
ఓనరు గారు ఒప్పుకోరు బ్రదర్. రేట్ల మెయిల్స్ బిల్డింగ్ దాటకూడదంట.

ఆటోనగర్_బుల్లెట్:
అవిప్పుడు వచ్చేదే క్లౌడ్ మీదుగా 😀

బెంజిసర్కిల్_బాబాయ్:
కృష్ణలంక గారూ, ఇంత పట్టుగా కొనమంటున్నారు, కమీషనేమైనా ఉందా?

కృష్ణలంక_అడ్మిన్:
నేను అమ్మేవాణ్ణి కాదు. పాత కంపెనీలో కొనమని రెండుసార్లు చెప్పి, వినకపోతే ఊరుకున్నవాణ్ణి. ఆడిట్ వచ్చిన రోజు ఓనరు "మెయిలంతా చూసేది ఇతనే" అని నన్ను చూపించాడు. నేను చెప్పినవన్నీ నోటిమాటలే, కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆ ఏడాది ఇంక్రిమెంటు పోయింది. మీ ఓనరుకి చెప్పారా?

బెంజిసర్కిల్_బాబాయ్:
చెప్పలేదు. ఏం చెప్పమంటారు? ముగ్గురి పని ఒక్కణ్ణే చేస్తున్నాను, ఇంకో మనిషిని అడిగితేనే ముఖం మాడ్చుకున్నాడు. ఈ ఖర్చు చెప్తే "రెండేళ్ల నుంచి ఏం చేస్తున్నావ్" అంటాడు. అప్పుడు నా ఉద్యోగానికి పూచీ మీరా?

కృష్ణలంక_అడ్మిన్:
కాదు. కానీ ఒక్క లైను మెయిల్ పెట్టి ఉంచుకోండి. కొనడం మానడం ఆయనిష్టం.

మిర్చియార్డ్_ఐటీ:
అగ్రిమెంటు దొరికింది. మాది స్టాండర్డ్ కాల్ మాత్రమే, అందులో ఫిల్టర్ లేదు. 80కి కొటేషన్ అడిగాను, ఓనరు గారిని సీసీలో పెట్టాను.

బెంజిసర్కిల్_బాబాయ్:
సీసీ పెట్టేశారా! సరే... కృష్ణలంక గారూ, హెడర్ చూశాను. ఎస్‌పీఎం అనే ఉంది. ఆ రూల్ ఎలా రాయాలో కొంచెం చెప్తారా?